లై, లెయ్, లెయిన్

లిమోన్ రేవులో నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. దేశమంతా స్పానిష్ మాట్లాడినా, ఈ ఊళ్ళో సగంమంది ఒకప్పుడు రైలుపట్టాలు వేయడానికి ఇంగ్లీషు దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్ళ సంతతి, వాళ్ళ ఇళ్ళల్లో ఇంగ్లీషే. వాళ్ళకు నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చన్న సంగతి మొదటి రోజే తెలిసిపోయింది. ఆ రోజు నా మనసుకు తగిలిన చిన్న దెబ్బ నుంచే తర్వాతి సంగతులన్నీ పుట్టాయని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అలా అనిపించలేదు.

నా పేరు ఎడెల్మీరా సొలానో. మాది కొండమీది కార్తాగో. మబ్బు, చలి, బంగాళాదుంప చేలు తప్ప మరొకటి ఎరగని ఇల్లు మాది. రాజధానిలో రెండేళ్ళు సాయంత్రం క్లాసులకు వెళ్ళి, సర్టిఫికెట్ పట్టుకుని, డెబ్బై మూడు ఫిబ్రవరిలో రైలెక్కి ఇక్కడ దిగాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన మనిషితో అంతవరకు ఒక్క మాటైనా మాట్లాడి ఉండలేదు. మా ప్రొఫెసరు సైక్లోస్టైల్ చేసి ఇచ్చిన క్రియల పట్టిక ఒకటి నా పెట్టెలో ఉండేది. నాలుగు కాగితాలు. ఇంగ్లీషంటే నాకు ఆ నాలుగు కాగితాలే.

మొదటి క్లాసులో బల్ల ముందు నిలబడి, రైల్లో దారి పొడుగునా వల్లించుకున్న వాక్యం చెప్పాను. 'నేనిప్పుడు ఇక్కడే ఉంటున్నాను' అని చెప్పడం నా ఉద్దేశం. నా నోట్లోంచి వచ్చింది మాత్రం 'ఐ లీవ్ హియర్ నౌ' అని. లివ్‌కీ లీవ్‌కీ తేడా మా స్పానిష్ చెవికి అంత సులువుగా పట్టుబడదు.

మూడో వరసలో ఒక నల్లపిల్ల చెయ్యెత్తింది. నిజంగానే కంగారుపడినట్టు ముఖం పెట్టి, ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, నిన్ననే కదా దిగారు. అప్పుడే వెళ్ళిపోతున్నారా?"

క్లాసు గొల్లుమంది. "రైలు నాలుగింటికి టీచర్! ఇప్పుడే బయల్దేరితే అందుతుంది!" అని వెనక బల్లలోంచి ఎవరో అరిచారు.

ఆ పిల్ల పేరు డెల్రీటా ఫోర్బ్స్. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. ఎగతాళి చేయాలని అడగలేదని తర్వాత నాకు అర్థమైంది. నేను అన్న మాటకు దానికి తెలిసిన అర్థం అదే. కానీ నవ్వు మాత్రం నవ్వే. ఆ నవ్వును నేను చాలాకాలం మరిచిపోలేదు.

ఆ వారమే ఒక పెద్ద అట్టమీద జంటక్రియలు రాసి గోడకు తగిలించాను. లివ్, లీవ్. ఫిల్, ఫీల్. రైజ్, రెయిజ్. లై, లెయ్. వినడానికి ఒకేలా ఉండి అర్థంలో వేరైపోయేవన్నీ ఏరి ఏరి రాశాను. రోజూ పది నిమిషాలు వాటినే వల్లె వేయించేదాన్ని. ముందు నేను నేర్చుకుని, మర్నాడు వాళ్ళకు చెప్పేదాన్ని. ఇంకో నియమం కూడా పెట్టాను. "ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు గుమ్మం బయట వదిలేసి రండి. ఇక్కడ పుస్తకం ఇంగ్లీషే" అన్నాను. నల్లపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్పానిష్ పిల్లలు సంతోషించారు.

డెల్రీటా వాళ్ళ అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఆమెను ఊరంతా మిస్ ఇమోజీన్ అనేది. రైలుపట్టాల అవతల, స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, రేకుల కప్పు. తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి పాన్‌బోన్ రొట్టె, కారం మాంసం పెట్టిన పాటీలు కాల్చి అమ్మేది. అంతకుముందు, చర్చి హాల్లో ఇంగ్లీషు బడి నడిచిన రోజుల్లో, ఆమె అక్కడ ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పింది. ఆ బడి మూతపడ్డాక, శనివారం మధ్యాహ్నాలు తన వరండాలోనే రెండు బెంచీలు వేసి పదీ పన్నెండుమంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పేది. నేనా దారిన వెళ్తున్నప్పుడు పిల్లల గొంతులు వినిపించేవి. నిలబడి వినాలనిపించేది. నిలబడేదాన్ని కాదు.

డెబ్బై నాలుగు నవంబరులో మా బడికి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకు రాజధానిలో ఉచితంగా సీటు, హాస్టలు. మా బడి నుంచి ఒక్కరినే పంపవచ్చు. రాతపరీక్ష పెట్టి, మొదట వచ్చినవాళ్ళ పేరు శుక్రవారం రైల్లో పంపాలి. ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే. దిద్దిందీ నేనే.

పోటీ ఇద్దరి మధ్యే అని అందరికీ తెలుసు. డెల్రీటా, రోనాల్డ్ ఉమాన్య. రోనాల్డ్ బుద్ధిమంతుడు, కష్టపడేవాడు, నా పట్టిక మొత్తం కంఠస్థం చేసినవాడు. డెల్రీటా కంఠస్థం చేసేది కాదు. దానికి అవసరం లేదు.

ఆ పత్రంలో ఒక వాక్యం ఉంది. 'నిన్న భోజనమయ్యాక ముసలమ్మ మంచం మీద...' అని ఖాళీ. పక్కన 'లై' అనే క్రియ. దాని భూతకాలం రాయాలి. నా పట్టికలో లై, లైడ్, లైడ్ అని ఉంది. రోనాల్డ్ లైడ్ అని రాశాడు. డెల్రీటా లెయ్ అని రాసింది. దాని జవాబు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత గీశాను. చివరకు కూడితే రోనాల్డ్‌కు తొంభై అయిదు, డెల్రీటాకు తొంభై నాలుగు వచ్చాయి.

సోమవారం మధ్యాహ్నం డెల్రీటా స్టాఫ్‌రూముకు వచ్చింది. పేపరు చేతిలో పట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడింది.

"టీచర్, ఇది తప్పెలా అవుతుంది?"

"పట్టికలో చూడు. లై, లైడ్."

"లైడ్ అంటే అబద్ధం చెప్పిందని కదా. ఈవిడ పడుకుంది."

"ఒక క్రియకు ఒక భూతకాలమే ఉంటుంది, డెల్రీటా. లెయ్ అనేది ఇంకో క్రియ. అట్టమీద ఉంది చూడు, దాని జంట."

"అదీ ఉంది, ఇదీ ఉంది టీచర్. మా గ్రానీ ఎప్పుడూ లెయ్ అనే అంటుంది."

ఆ మాటతో నాకు తిక్కరేగింది. పక్కన ఇంకో ముగ్గురు పంతుళ్ళు ఉన్నారు. లెక్కల ఆయన కాఫీ కలుపుతూ చెవి ఇటే పెట్టాడు.

"మీ గ్రానీ పరీక్ష పెడితే ఆమె అన్నట్టే రాద్దువుగాని" అన్నాను.

లెక్కల ఆయన నవ్వాడు. డెల్రీటా పేపరు మడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మిస్ ఇమోజీన్ వచ్చింది. చర్చికి వేసుకునే నీలం గౌను, తెల్ల టోపీ, చేతులకు తొడుగులు. ఆ వేడిలో, ఆ ఉక్కలో! హెడ్మాస్టరు డాన్ ఫెర్మీన్ గదిలో నన్నూ కూర్చోబెట్టారు. ఆయన రాజధాని మనిషి. ఇంగ్లీషు రాదు.

ఆమె నాతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి, నిదానంగా. అది కూడా నాకు అవమానంగానే తోచింది.

"పొద్దున్నే వచ్చి ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి టీచర్. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను. ఆ ముసలమ్మ భోంచేసి మంచమెక్కింది కదా. ఎక్కి ఏం చేసింది?"

"పడుకుంది" అన్నాను స్పానిష్‌లో.

"పడుకుంది. మంచిది. మీ పట్టికలో ఉన్నట్టు రాస్తే ఆవిడ మంచమెక్కి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఎవరితో చెప్పింది టీచర్? మంచంతోనా, దిండుతోనా?"

తనే చిన్నగా నవ్వింది. నేను కూడా నవ్వుతానని ఒక్క క్షణం ఆగి చూసింది. నేను నవ్వలేదు.

"ఏమంటోంది ఈవిడ?" అన్నాడు డాన్ ఫెర్మీన్.

"పట్టిక తప్పంటోంది."

"అబద్ధానికి లై, లైడ్" అని ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. "పడుకోవడానికి లై, లెయ్, లెయిన్. వస్తువు పెట్టినా, కోడి గుడ్డు పెట్టినా లెయ్, లెయిడ్. మూడూ మూడు దారులు. పిల్లలకు తికమకగానే ఉంటుంది, నాకు తెలుసు. అందుకే నేను ముందు కోడితో మొదలుపెడతాను."

నేను డాన్ ఫెర్మీన్ వైపు తిరిగి, ఆమెకు కూడా అర్థమయ్యేలా స్పానిష్‌లో అన్నాను. "నా పట్టిక రాజధాని నుంచి వచ్చింది. ఈవిడది రేవులో నేర్చిన ఇంగ్లీషు. అరటిగెలలు లెక్కపెట్టుకోవడానికి సరిపోతుందేమో. పరీక్షకు పనికిరాదు."

ఆ మాట అన్నది నేనే. ఎవరో అన్నట్టు చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. కానీ అన్నది నేనే.

మిస్ ఇమోజీన్ చేతితొడుగులు సవరించుకుంది. కోపం తెచ్చుకోలేదు.

"బడిలో నిఘంటువు ఉండే ఉంటుంది కదా టీచర్? ఒక్కసారి తీసి చూస్తే పోతుంది."

"బీరువా తాళం సెక్రటరీ దగ్గర ఉంది. ఆవిడ ఇవాళ రాలేదు."

"సరే. ఆవిడ వచ్చాకే చూడండి. శుక్రవారం దాకా టైముంది కదా" అని, డాన్ ఫెర్మీన్‌కు స్పానిష్‌లో నమస్కారం చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సెక్రటరీ బుధవారం వచ్చింది. నేను తాళం అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ఏదో ఓడ కెప్టెన్ ఎప్పుడో బడికి ఇచ్చిన లావుపాటి నిఘంటువు అది. చెమ్మకు అట్ట ఉబ్బిపోయి ఉంది. బీరువా తలుపు వెనకే నిలబడి, లై అనే మాట వెతికాను. రెండు చోట్ల విడివిడిగా ఉంది. ఒకదాని పక్కన అబద్ధం. రెండోదాని పక్కన లై, లెయ్, లెయిన్.

మూడుసార్లు చదివాను. మా ప్రొఫెసరు పట్టికలో రెండు వరసలు ఒకటైపోయి ఉంటాయి. ఆయన పొరపాటో, టైపు కొట్టినవాళ్ళ పొరపాటో. నిఘంటువు మూసి, పై అరలో పాత పటాల చుట్టల వెనక పెట్టాను. తాళం వేశాను. తాళంచెవి సెక్రటరీకి ఇచ్చాను. "దొరికిందా?" అంది. "దొరికింది" అన్నాను.

బుధవారం, గురువారం, శుక్రవారం మధ్యాహ్నం దాకా నాకు టైముంది. డాన్ ఫెర్మీన్ గది నా క్లాసుకు పాతిక అడుగుల దూరం. ఆ రెండు రోజులూ నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. ఒక్క మార్కే కదా. రోనాల్డ్ వాళ్ళమ్మకు అప్పటికే చెప్పేశాం కదా, ఆమె ఊరంతా చెప్పుకుంటోంది కదా. డెల్రీటా తెలివైంది, దానికి ఇంకేదో దొరుకుతుంది. ఇవన్నీ సాకులు. అసలు సంగతి ఒక్కటే. రొట్టెలు కాల్చుకునే ముసలామె నన్ను దిద్దిందని బడంతా అనుకోవడం నేను భరించలేను. లెక్కల ఆయన మళ్ళీ నవ్వుతాడు, ఈసారి నన్ను చూసి.

శుక్రవారం రైలు కవరు తీసుకుని వెళ్ళిపోయింది.

డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. డాన్ ఫెర్మీన్ లేచి, పిల్లల చదువు గురించి మాట్లాడుతూ, "ఇంట్లో తప్పు ఇంగ్లీషు నేర్పడం వల్ల మంచి పిల్లలు కూడా నష్టపోతున్నారు. ఈ సంవత్సరమే ఒక అమ్మాయికి సీటు చేజారింది" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. అందరూ అర్థం చేసుకున్నారు. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. తల వంచుకుని నా గోళ్ళు చూసుకున్నాను.

జనవరిలో మిస్ ఇమోజీన్ వరండాకు పన్నెండుమందికి బదులు ఏడుగురు వచ్చారట. ఈస్టరుకు ముగ్గురు. తర్వాత ఎవరూ లేరు. నేనా దారిన వెళ్ళడమే మానేశాను. మార్కెట్టుకు వెనక వీధిలోంచి తిరిగి వెళ్ళేదాన్ని.

కొత్త సంవత్సరం నుంచి క్లాసులో లై, లెయ్, లెయిన్ అనే చెప్పాను. అట్టమీద కాగితం అతికించి దిద్దాను. ఒకమ్మాయి లేచి, "టీచర్, మా అక్క నోట్సులో లైడ్ అని ఉంది" అంది. "పట్టిక మారింది" అన్నాను. పిల్ల కూర్చుంది.

డెల్రీటాకు ఇంకేదీ దొరకలేదు. లోయలో అరటికాయలు కడిగి పెట్టెల్లో సర్దే షెడ్డులో ఆరేళ్ళు పనిచేసింది. ఎనభై రెండులో మిస్ ఇమోజీన్ చనిపోయాక, ఆ పొయ్యి తను చూసుకోవడం మొదలుపెట్టింది. మార్కెట్టు పక్కన చిన్న కొట్టు పెట్టింది. అంత్యక్రియలకు నేను వెళ్ళాను. చర్చిలో చివరి బల్లమీద కూర్చున్నాను. డెల్రీటా నా దగ్గరకు వచ్చి, "వచ్చినందుకు థాంక్స్ టీచర్" అంది. స్పానిష్‌లో. బడి వదిలాక అది నాతో ఇంగ్లీషు మాట్లాడింది లేదు.

ఈ ఊరు నన్ను ఉంచేసుకుంది. రైల్వేలో పనిచేసే ఒబ్దూలియోను పెళ్ళి చేసుకున్నాను. ఇక్కడి ఆడవాళ్ళతో మాట్లాడి మాట్లాడి, నాకు నిజంగా ఇంగ్లీషు వచ్చింది. రోనాల్డ్ శిక్షణ పూర్తి చేశాడు కానీ ఒక్కరోజు కూడా పాఠం చెప్పలేదు. కస్టమ్స్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. శనివారం శనివారం డెల్రీటా కొట్టుకు వెళ్ళి పాన్‌బోన్, పాటీలు కొనుక్కునేదాన్ని. ఇద్దరం వాన గురించి మాట్లాడుకునేవాళ్ళం. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి.

రెండువేల నాలుగులో పదవీ విరమణ చేశాను. బడిలో సన్మానం చేశారు. పూలు ఇచ్చారు. 'మన ఊరికి ఇంగ్లీషు నేర్పిన టీచర్' అని ఒక పిల్ల కాగితం చూసి చదివింది. ఆ మాట నాకు చెందదనిపించింది. మర్నాడు మధ్యాహ్నం, బేరం తక్కువగా ఉండే వేళ చూసుకుని, డెల్రీటా కొట్టుకు వెళ్ళాను.

"ఇవాళ శనివారం కాదే!" అంది పిండి పిసుకుతూ.

"నీకో మాట చెప్పాలి. ఆ సీటు పరీక్షలో నువ్వు రాసిందే రైటు."

అది తలెత్తి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. నలభై ఏడేళ్ళ మనిషి, పిండి చేతులు గాల్లోకి ఎత్తి మరీ నవ్వింది.

"ముప్పై ఏళ్ళకు తెలిసిందా టీచర్? నాకప్పుడే తెలుసు. గ్రానీకీ తెలుసు. మీకే పాపం తెలీదు."

"అలా అనుకున్నారా?"

"అనుకోవడమేంటి! ఆమె రోజూ అనేది. 'ఆ పిల్ల చిన్నది, దూరం నుంచి వచ్చింది, దానికి నేర్పినవాళ్ళే సరిగ్గా నేర్పలేదు, దాని తప్పేముంది' అని. మీ గురించి చర్చిలో ఎవరన్నా ఒక మాటంటే ఊరుకునేది కాదు. నేనే ఆమెతో పోట్లాడేదాన్ని. నీకసలు కోపం రాదా గ్రానీ అని. తెలియని మనిషిమీద కోపమేంటే అనేది."

అక్కడ ఆపేసి ఉండవచ్చు. ఆ నవ్వుతోనే ఇంటికి వచ్చేసి ఉండవచ్చు. కానీ నా గుండె బరువు దించుకోవడానికి వెళ్ళాను, సగం దించుకుని రాలేకపోయాను.

"నాకు తెలుసు, డెల్రీటా. మీ గ్రానీ వచ్చి వెళ్ళిన మర్నాడే నిఘంటువు తీసి చూశాను. బుధవారం. పేరు పంపింది శుక్రవారం."

దాని చేతులు పిండిలో ఆగిపోయాయి. అప్పుడే ఎవరో వచ్చి రెండు పాటీలు అడిగారు. చేతులు కడుక్కుని, కాగితంలో చుట్టి ఇచ్చింది, చిల్లర ఇచ్చింది. ఆ మనిషి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

"ఇది నాకెందుకు చెప్పారు?"

"చెప్పకుండా ఉండలేకపోయాను."

"మీరు ఉండలేకపోయారు. అంటే మీ కోసం చెప్పారు." దాని గొంతు పెరగలేదు. "గ్రానీ మిమ్మల్ని చచ్చేదాకా వెనకేసుకొచ్చింది. ఆమె మాట విని నేను కూడా, సరేలే, తెలియక చేసింది అనుకుని, ఇన్నేళ్ళూ మీకు రొట్టె కట్టిచ్చాను. ఇప్పుడు నేనేం అనుకోవాలి? ఆమె తెలివితక్కువదనా?"

"నేనేం చెయ్యాలో చెప్పు. చేస్తాను."

"నాకేం చెయ్యొద్దు. నా బతుకు నేను బతికాను, బాగానే బతికాను. గ్రానీ మాటేంటి? పిల్లల్ని వరండా మానిపించినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఆదివారం చర్చికి వస్తారు. చెప్పదలిస్తే వాళ్ళకి చెప్పండి. స్పానిష్‌లో కాదు. ఆమె భాషలో."

ఆ ఆదివారం వెళ్ళాను. పాస్టరు యువకుడు, మిస్ ఇమోజీన్‌ను చూసి ఎరగడు. ప్రసంగం అయ్యాక నాకు అయిదు నిమిషాలు ఇచ్చాడు. నలభైమంది దాకా ఉన్నారు. డెల్రీటా లేదు. ముందు బల్ల అంచు పట్టుకుని ఇంగ్లీషులో చెప్పాను. ఆ ప్రశ్న ఏమిటో చెప్పాను. మిస్ ఇమోజీన్ రైటని, నేను తప్పని, తప్పని తెలిసి కూడా నోరు మూసుకున్నానని, డాన్ ఫెర్మీన్ అందరి ముందూ ఆ మాట అన్నప్పుడు పక్కనే కూర్చుని ఊరుకున్నానని చెప్పాను. ఆమె ఇంగ్లీషు ఎప్పుడూ మంచి ఇంగ్లీషేనని చెప్పాను.

కుర్రవాళ్ళలో కొందరికి నేను చెప్పింది అర్థమే కాలేదు. "ఏమంటోంది?" అని పక్కవాళ్ళను స్పానిష్‌లో అడగడం వినిపించింది. వెనక బల్లలో ఒక ముసలాయన, "ఏ ఇమోజీన్? రొట్టెల ఇమోజీనా?" అన్నాడు పెద్దగా. ఎవరో ఆయన్ని ఊరుకోమన్నారు.

బయట మెట్ల దగ్గర మిస్ క్లెమెంటైన్ అనే ముసలామె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఎనభై దాటిన మనిషి.

"మా ఆల్విన్‌ని ఆ వరండా మానిపించింది నేనే. రేపు బడిలో మార్కులు పోతాయని భయపడ్డాను. ఇప్పుడు వాడి పిల్లలు ఫోన్ చేస్తే, వాళ్ళతో మాట్లాడ్డానికి నేను స్పానిష్‌లో మాటలు తడుముకోవాలి. వాళ్ళు నవ్వుతారు."

"నన్ను క్షమించండి" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం అమ్మాయీ? ఇమోజీన్‌కి చెప్పాల్సింది. పిల్లలు మానేశాక కూడా అది ప్రతి శనివారం బెంచీలు తుడిచి వేసుకుని కూర్చునేది. ఎవరైనా వస్తారేమో అని. ఏడేళ్ళు కూర్చుంది. నేను ఎదురింట్లోంచి ప్రతి వారం చూసేదాన్ని. చూస్తూ కూడా మావాణ్ణి పంపలేదు."

చెయ్యి వదిలేసి, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయింది.

మరో నెల ఆగి, డెల్రీటా కొట్టుకు వెళ్ళాను. మునుపటిలాగే రొట్టె కట్టింది. చర్చి సంగతి దాని దాకా వచ్చే ఉంటుంది. ఏమీ అనలేదు. నేనే ధైర్యం చేసి అడిగాను. శనివారాలు మళ్ళీ ఆ వరండాలో పిల్లలను కూర్చోబెడదామా, నువ్వు చెప్పు, నేను పక్కనుండి సాయం చేస్తాను అన్నాను.

రొట్టెల మీద గుడ్డ సర్దింది.

"ఏం చెప్పమంటారు టీచర్? మీరు నా జవాబు కొట్టేసిన రోజునుంచీ ఇంట్లో గ్రానీకి స్పానిష్‌లోనే జవాబిచ్చేదాన్ని. ఆమె ఇంగ్లీషులో అడిగేది, నేను స్పానిష్‌లో చెప్పేదాన్ని. ఎనిమిదేళ్ళు అలాగే. మొదట్లో కోపంతో, తర్వాత అలవాటుగా. నా పిల్లలకి ఒక్క ముక్క నేర్పలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే మాటలు సగం దారిలోనే ఆగిపోతాయి. నేర్పేదాకా ఎందుకు, గ్రానీ నాతో కూర్చుని మాట్లాడితే కదా నాకు గుర్తొచ్చేది? ఆ మనిషి లేదు."

తర్వాత, పాటీలు నాలుగు కావాలా ఆరు కావాలా అని అడిగింది. నాలుగు చాలన్నాను.